సముద్రం దాటినా పోని కులం

అందరికీ నమస్కారం.

సముద్రం దాటితే కులం పోతుందని మన ముత్తాతల కాలంలో అనేవారు. దాటి వచ్చినవాళ్ళకు ప్రాయశ్చిత్తం చేయించాకే పంక్తిలో కూర్చోనిచ్చేవారు. ఈరోజు నేను చెప్పబోయే మనిషి విషయంలో కులం ఎక్కడికీ పోలేదు. ఆయనతో పాటే ఓడ దిగి, అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది.

ఆయన పేరు భగత్ సింగ్ థింద్. అమృత్‌సర్ దగ్గరి పల్లెటూరు. 1913లో సియాటిల్‌లో దిగాడు. ఆరెగాన్‌లో కలప మిల్లుల్లో పని చేశాడు. మొదటి ప్రపంచ యుద్ధం చివరి ఏడాది తలపాగాతోనే అమెరికా సైన్యంలో చేరాడు. తర్వాత పౌరసత్వం ఇమ్మని అడిగాడు.

బయటి నుంచి వచ్చినవాళ్ళలో తెల్లవాళ్ళే పౌరులు కావచ్చని 1790లో అక్కడ చట్టం చేశారు. బానిసత్వం రద్దయ్యాక, 1870లో, ఆఫ్రికా సంతతికి కూడా వీలు కల్పించారు. అంటే రెండే తలుపులు. ఆసియా నుంచి కోర్టుకెక్కినవాళ్ళు దాదాపు అందరూ తెల్లవాళ్ళ తలుపే తట్టారు. రెండోది తమది కాదు కాబట్టి అందుకు వాళ్ళను తప్పు పట్టను. ఏం చెప్పి తట్టారన్నదే నన్ను బాధపెట్టే విషయం.

థింద్ తరఫు వాదన ఇది. ఈయన అగ్రకులస్థుడు, ఆర్య సంతతి. కులం కట్టుబాట్ల వల్ల రక్తం కలవలేదు. కాబట్టి తెల్లవాడే. అక్కడితో ఆగినా బాగుండేది. పెళ్ళి సంబంధాల దగ్గర అమెరికన్ అనేవాడు నీగ్రోను ఎలా చూస్తాడో, అగ్రకుల హిందువు తన దేశంలోని ఆదిమ జాతులవాణ్ణి అలాగే చూస్తాడని కూడా రాశారు. మేమూ మీలాగే కొందరిని దూరం పెడతాం, అందుకే మమ్మల్ని మీలో కలుపుకోండి అని! కులాన్ని కాదన్న సిక్కు మతంలో పుట్టిన మనిషి కోసం ఈ వాదన. అది చదివిన రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

1923 ఫిబ్రవరి 19న తీర్పు వచ్చింది. అంతకు మూడు నెలల ముందే ఒజావా అనే జపాన్ మనిషికి ఇదే కోర్టు, తెల్లవాడంటే కాకేసియన్, నువ్వు కాదు అని చెప్పి పంపింది. అప్పటి జాతి శాస్త్రాలు యూరప్‌వాళ్ళను, భారతీయుల్లో చాలామందిని కాకేసియన్ అనే ఒకే జాతిగా లెక్కేసేవి. థింద్ వచ్చి, మీ శాస్త్రాల ప్రకారం నేను కాకేసియన్‌నే కదా అన్నాడు. శాస్త్రంతో పని లేదు, మామూలు మనిషి కంటికి నువ్వు తెల్లవాడివి కాదు అన్నారు. రెండు తీర్పులూ రాసింది జస్టిస్ సదర్లాండ్. ఆయన ఇంగ్లండ్‌లో పుట్టి, పసివాడిగా సముద్రం దాటి వచ్చినవాడే.

అప్పటికే పౌరులైన భారతీయులు పదుల మంది పౌరసత్వం పోగొట్టుకున్నారు. శాన్ ఫ్రాన్సిస్కో వ్యాపారి వైష్ణో దాస్ బగాయ్ ఆస్తి వదులుకోవాల్సి వచ్చింది. స్వదేశం చూసి రావడానికి అమెరికా పాస్‌పోర్టు కూడా ఇవ్వలేదు. 1928లో ఆయన ప్రాణం తీసుకున్నాడు.

1946లో మనవాళ్ళకు పౌరసత్వం దారి తెరిచారు గానీ, ఏడాదికి వందమందికే ప్రవేశం. అసలు తలుపు తెరుచుకున్నది 1965లో, కొత్త వలస చట్టంతో. నల్లవాళ్ళు లాఠీదెబ్బలు తిని, జైళ్ళకెళ్ళి పౌరహక్కుల చట్టం సాధించుకున్న మరుసటి ఏడాది. ఆ పోరాటం తెచ్చిన మార్పు లేకపోతే ఈ వలస చట్టం వచ్చేది కాదని నా నమ్మకం. మన ఇంజనీర్లు, డాక్టర్లు వెళ్ళింది ఆ తలుపులోంచే.

ఇంత తెలిసిన నేనే ఏం చేశానో చెప్పాలి. మా అబ్బాయి డల్లాస్‌లో ఇల్లు వెతుకుతూ ఫోన్ చేశాడు. "అద్దె తక్కువే నాన్నా, కాకపోతే నల్లవాళ్ళ ఏరియా" అన్నాడు. "అయితే వద్దురా" అనేశాను. ఆఫీసు ఎంత దూరం, ఇల్లు బాగుందా అని కూడా అడగలేదు. అలా నోటికొచ్చేసింది. సంబంధాలు చూసేటప్పుడు "అమ్మాయి రంగేంటి" అని అడిగే ఇళ్ళలో పెరిగినవాళ్ళం కదా.

థింద్ దిగిన ఆ సియాటిల్‌లోనే, 2023 ఫిబ్రవరిలో, కుల వివక్షను నిషేధిస్తూ నగర మండలి చట్టం చేసింది. అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అదే. మనవాళ్ళలో కొందరు మద్దతిచ్చారు. కొందరు మాత్రం, అమెరికాలో కులం ఎక్కడుంది, మనల్ని అవమానించడానికే ఇదంతా అన్నారు. నాతో అలా అన్నవాళ్ళకు నేను ఎదురు చెప్పడం మానేశాను. థింద్ కేసు వాదనలో ఆ పెళ్ళి సంబంధాల వాక్యం ఉన్న పేజీ కాపీ తీసి పెట్టుకున్నాను. అదే చేతికిస్తున్నాను.