లాకులో పడవ, పెట్టెలో మనిషి

శ్రోతలకు నమస్కారం.

ధవళేశ్వరం దగ్గర కాలువ లాకులు చూసినవాళ్ళు మీలో చాలామందే ఉంటారు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా కాలువలు పొలాలకు నీళ్ళివ్వడంతో పాటు పడవలకు దారి కూడా అయ్యాయి. కింది కాలువ నుంచి పైకి పోవలసిన పడవ లాకులోకి వస్తుంది. వెనక తలుపులు మూసేస్తారు. పైనుంచి నీళ్ళు వదులుతారు. పడవ అంగుళం అంగుళం చొప్పున లేస్తుంది. ఎవరెంత తొందరపడినా లాభం లేదు, బస్తాల మీద కూచుని చుట్ట కాల్చుకోవలసిందే. రెండు వైపులా నీరు సమానమయ్యాకే ముందు తలుపులు తెరుచుకుంటాయి.

నేను చెప్పబోయేది ఒక అమెరికా సినిమా సంగతి. మధ్యలో ఈ లాకుల గోల ఎందుకంటారా? ఆ సినిమాలో కాలయంత్రం నాకు లాకు తెలియబట్టే అర్థమైంది.

సినిమా పేరు ‘ప్రైమర్’. 2004లో వచ్చింది. తీసినాయన షేన్ కరూత్, లెక్కలు చదువుకున్నవాడు. కథ, దర్శకత్వం, ఎడిటింగ్, సంగీతం అన్నీ ఆయనే. ఇద్దరు ముఖ్యపాత్రల్లో ఒకటి కూడా ఆయనే వేశాడు. ఖర్చు సుమారు 7,000 డాలర్లు, అప్పటి మారకంలో మూడు లక్షల రూపాయల చిల్లర. మా కోనసీమలో ఆ డబ్బుతో పెళ్ళి వీడియో, డ్రోను, ఆల్బమ్ కానిచ్చేస్తే గట్టివాడే అంటారు. ఆ సినిమాకి ఆ ఏడాదే అమెరికాలో జరిగే సన్‌డాన్స్ చిత్రోత్సవంలో గ్రాండ్ జ్యూరీ బహుమతి వచ్చింది.

దాన్ని మా బామ్మర్ది కొట్లో చూశాను. వాడిది మోటార్ల వైండింగ్ పని. రొయ్యల చెరువుల్లో నీటికి గాలి కలుపుతూ తిరిగే ఏరేటర్ల మోటార్లు కాలిపోతే వాడి దగ్గరకే వస్తాయి. రాగి తీగ చుట్టల పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని కూచున్నాం. కొట్టంతా వార్నిష్ వాసన. తెర మీద కూడా అలాంటిదే ఓ కారు షెడ్డు. అందులో ఇద్దరు కుర్రాళ్ళు వస్తువుల బరువు తగ్గించే పెట్టె ఒకటి చేద్దామని కూచుంటారు. పల్లాడియం అనే లోహం కావాలి, కొనాలంటే ఖరీదు. కారు పొగగొట్టంలో ఉండే కన్వర్టర్‌లో అది ఉంటుందని, దాన్నే ఊడబీకుతారు. ‘ఇదేంటండీ బావగారూ, అచ్చం మన కొట్టే!’ అన్నాడు మావాడు.

కాలయానం వాళ్ళు కోరుకున్నది కాదు. పెట్టెలో పెట్టిన బొమ్మ మీద ఏదో పేరుకుంటుంది. తెలిసినవాడికి చూపిస్తే, ఇంత పేరుకోవాలంటే ఐదారేళ్ళు పడుతుందంటాడు. బొమ్మ పెట్టి ఐదు రోజులే అయింది! మా దగ్గర శ్రావణమాసంలో బీరువాలో బెల్టుకి బూజు పడితే తుడిచి కట్టుకుంటాం తప్ప కాలయంత్రం దాకా ఆలోచన పోదు. వాళ్ళకి పోయింది.

ఇక్కడే లాకు పనికొచ్చింది. ఉదయం తొమ్మిదింటికి పెట్టె స్విచ్ వేశారనుకోండి. ఆ రోజంతా ఎవరి కంటా పడకుండా హోటల్ గదిలో గడిపి, ఏ షేరు పెరిగిందో చూసుకుంటారు. మధ్యాహ్నం మూడింటికి పెట్టెలో దూరి పడుకుంటారు. లోపల ఆరు గంటలు ఉండాలి, ఒక్క నిమిషం కూడా తగ్గదు. బయటికొస్తే మళ్ళీ ఉదయం తొమ్మిది! ఇక ఆ పెరగబోయే షేరే కొనుక్కుంటారు. అంటే ఒక తలుపు మధ్యాహ్నంలోకి, రెండోది ఉదయంలోకి. స్విచ్ వేయని రోజుల్లోకి పోవడం కుదరదు. లాకు కట్టనిచోట పడవ లేస్తుందా?

కాలయానమంటే ఇంతకాలం మీట నొక్కితే అయిపోయే పని అనుకున్నాను. భాగవతంలో రైవతుడు కూతురు రేవతికి సంబంధం అడుగుదామని బ్రహ్మలోకం వెళ్తాడు. అక్కడ పాట జరుగుతోందని కాసేపు ఆగుతాడు. ఆ కాసేపట్లో భూమ్మీద 27 మహాయుగాలు గడిచిపోతాయి, తాననుకున్న వరుల్లో ఒక్కడూ మిగలడు. ఈ సినిమాలో అలాంటి వెసులుబాటు లేదు. గంట వెనక్కి పోవాలంటే గంట పెట్టెలో ఉండాలి. పైగా దానికి ఒళ్ళే మూల్యం చెల్లించాలి. ఒకడికి చెవిలోంచి రక్తం కారుతుంది. తర్వాత ఇద్దరి చేతిరాతా వంకర పోతుంది. రోజూ రాసే అక్షరాలే చేతికి లొంగవు. నాకు అన్నింటికన్నా భయమేసింది అక్కడే.

రెండో సగం గురించి అబద్ధమెందుకు, నాకు సరిగ్గా ఎక్కలేదు. ఒకే మనిషి ఇద్దరు, ముగ్గురు అయ్యేసరికి ఎవరు ఎవరో తేలలేదు. మాటలు కూడా ఒకరి మీదొకరు పడి మాట్లాడుకుంటారు. అర్థం కాకపోవడమే గొప్పతనం అనేవాళ్ళతో నేను ఏకీభవించను. ఇంకో పది నిమిషాలు ఓపిగ్గా చెప్పి ఉంటే వాళ్ళ సొమ్మేం పోయేది? ఫిల్మ్ సొమ్ము పోయేది, నిజమే.

సినిమా అయ్యాక బామ్మర్ది చాలాసేపు ఏం మాట్లాడలేదు. చివరికి ‘ఆ పెట్టెలో ఉన్న ఆరు గంటలకీ కూలి ఎవరిస్తారండీ?’ అన్నాడు. షేర్ మార్కెట్ అన్నాను. ‘ఆయ్, అలాగైతే సరేనండి’ అంటూ వైండింగ్ మిషన్ హ్యాండిల్ అందుకున్నాడు. చుట్ల లెక్క చూపించే మీటరు పాడై చాన్నాళ్ళయింది, నోటితోనే లెక్క. నలభై, నలభై ఒకటి, నలభై రెండు... మధ్యలో నేనేదో అడిగాను, వాడేదో చెప్పాడు. లెక్క తప్పింది. హ్యాండిల్ వదిలేసి, చుట్టిన తీగని ఒక్కో చుట్టే విప్పడం మొదలుపెట్టాడు.