డ్రిల్లు పెట్టేముందు అడగండి

అధ్యక్షులకు, పెద్దలకు నమస్కారం. స్వాగతాలకే చాలా సమయం పోయింది, నేరుగా విషయానికొస్తాను. పాత ఎముకల నుంచి డీఎన్‌ఏ ఎలా తీస్తారో చెప్పమన్నారు.

ముందు సీటీ స్కాన్ తీసుకోవాలి, తర్వాత ఆ ఆకారం మిగలదు. లోపలి చెవి చుట్టూ ఉండే గట్టి ఎముక దొరికితే మేలు. పైపొర గీకేసి నెమ్మదిగా డ్రిల్ చెయ్యాలి. వేగం పెంచితే వేడికి ఉన్న కాస్త డీఎన్‌ఏ కూడా పాడవుతుంది. 50 మిల్లీగ్రాముల పొడి చాలు. దాన్ని ఈడీటీఏ, ప్రోటీనేజ్-కె కలిపిన ద్రావణంలో 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచుతారు. ఒకటి కాల్షియాన్ని లాగేస్తుంది, రెండోది ప్రోటీన్లను కరిగిస్తుంది. ఆపైన బయటికొచ్చిన డీఎన్‌ఏను సిలికా అనే ఇసుకలాంటి పదార్థానికి పట్టించి కడుగుతారు. పక్కనే పొడి వెయ్యని ఖాళీ ట్యూబు కూడా ఇదే దారిలో నడవాలి. అందులో మనిషి డీఎన్‌ఏ కనిపిస్తే అది ల్యాబ్‌లో ఎవరిదో అంటుకున్నదే. నిజంగా పాతదైతే ముక్కలు పొట్టిగా ఉంటాయి, చివర్లలో డీఎన్‌ఏ అక్షరాల్లో ఒకటైన సైటోసిన్ పాడై, థైమిన్ అనే మరో అక్షరంలా కనిపిస్తుంది.

పద్ధతి ఇంతే. కానీ కెన్నెవిక్ సంగతి చెప్పకుండా దిగిపోవడం నాకు సమ్మతం కాదు.

1996లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, కెన్నెవిక్ ఊరి దగ్గర కొలంబియా నది ఒడ్డున, దాదాపు 8,500 ఏళ్ల నాటి మనిషి ఎముకలు దొరికాయి. తుంటి ఎముకలో రాతి మొన ఇరుక్కుని ఉంది. పుర్రె ఆకారం చూసి కొందరు, ఈయన స్థానికుల పూర్వీకుడు కాడన్నారు. అక్కడి స్థానిక తెగలైన ఉమటిల్లా, యాకమా, నెజ్ పెర్స్, వానపమ్, కోల్విల్ ప్రజలు మా పెద్దాయనను మాకివ్వండన్నారు. అలా ఇవ్వొద్దు, పరిశోధించనివ్వండని ఎనిమిది మంది శాస్త్రవేత్తలు కోర్టుకెక్కారు. బంధుత్వం రుజువు కాలేదని 2004లో అప్పీలు కోర్టు శాస్త్రవేత్తల వైపే తీర్పిచ్చింది. 2015లో చేతి ఎముక నుంచి తీసిన 200 మిల్లీగ్రాములు అసలు సంగతి చెప్పాయి: నేటి ప్రజలందరిలో ఆయన అమెరికా స్థానికులకే దగ్గర. 2017 ఫిబ్రవరిలో ఆ తెగలవాళ్లు ఆయన్ను మళ్లీ మట్టిలో పెట్టుకోగలిగారు.

విద్యార్థులారా, ఇది రాసుకోండి. పాత జీనోమ్, అంటే ఒక మనిషి మొత్తం డీఎన్‌ఏ, ఒక్కటీ చేతిలో ఉంటే సరిపోదు, పోల్చడానికి ఇప్పటి మనుషుల నమూనాలు కావాలి. అవి ఇచ్చింది ఎవరు? కోల్విల్ ప్రజలు! మీవాడు కాదని ఇరవై ఏళ్లు ఎవరికి చెప్పారో వాళ్లే! అప్పుడు కూడా ఆయన నేరుగా ముత్తాతా, ముత్తాతల దాయాదా అన్నది ఆ డీఎన్‌ఏ తేల్చలేదు. అక్కడి స్థానికుల జీనోములు అంత తక్కువ. ఎందుకు తక్కువ? అరిజోనాలో హవసుపాయి ప్రజలు మధుమేహం పరిశోధనకని రక్తమిస్తే, పరిశోధకులు వాళ్లకు చెప్పకుండా దాన్ని వలసల చరిత్రకూ వాడారు. 2010లో 7 లక్షల డాలర్లతో రాజీ కుదిరింది. అది తెలిసినవాళ్లు మళ్లీ చెయ్యి చాపుతారా?

కాబట్టి ఏ ఎముక, ఎన్ని మిల్లీగ్రాములు, మిగిలిన పొడి ఎవరి దగ్గరుంటుంది, ఆ డేటాతో రేపు ఇంకో ప్రశ్న వెయ్యాలంటే ఎవరి అనుమతి కావాలి, ఇవన్నీ డ్రిల్లుకు ముందే కాగితం మీద ఉండాలి. ఆ ఎముక తమ పెద్దలదనే ప్రజలతో కూర్చునే ఆ కాగితం రాయండి. వాళ్లు వద్దంటే ఎముకను ముట్టుకోకుండా అప్పగించండి.