కోనసీమలో ఎలిజబెత్‌కి అడ్డేమిటి?

బుజ్జి: నమస్కారమండీ. రాజోలు నుంచి మీ బుజ్జి. పక్కన మా పిన్ని ఉంది. డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైంది. పాత ప్రేమ నవలల్ని ఇప్పటివాళ్లు తిరగరాయడం, అయిపోయిన కథకి తరవాయి రాయడం... ఈసారి మన కబుర్లు దాని మీదేనండి. పిన్నీ, ముందు ఇది చెప్పు. ఒకళ్లు రాసేసిన కథని ఇంకొకళ్లు మళ్లీ ఎందుకు రాయాలి?

పిన్ని: గోదావరి వాళ్లం మనం ఆ మాట అడక్కూడదు నాన్నా. తెలుగులో నవల మొదలైందే అలా. కందుకూరి వీరేశలింగం గారు 1878లో వివేకవర్ధని పత్రికలో రాజశేఖర చరిత్రము రాశారు. గోల్డ్‌స్మిత్ అనే ఆయన 1766లో ఇంగ్లీషులో రాసిన వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్ చదివి, ఆ స్ఫూర్తితో రాసిన నవల అది. ఎక్కడ మొదలవుతుంది కథ? మన ధవళేశ్వరంలో.

బుజ్జి: కానీ అది ప్రేమ నవల కాదు కదా.

పిన్ని: కాదు. ఆయన చేసిన పని మాత్రం చూడు. ఆ ఇంగ్లీషు కథలో పెద్దాయన డబ్బు ఒక వ్యాపారి దగ్గర ఉంటుంది, వాడు ఎగ్గొట్టి పారిపోతాడు. సంసారం వీధిన పడుతుంది. వీరేశలింగం గారు ఆ వ్యాపారిని తెచ్చి ధవళేశ్వరంలో పెట్టలేదు. మన రాజశేఖరుడి ఇంటికి ఒక బైరాగి వస్తాడు, బంగారం చేసిపెడతానంటాడు, ఉన్న బంగారం, వెండీ మూటగట్టుకుని పోతాడు. ఆ కాలంలో మన ఊళ్లలో ఇల్లు గుల్లయ్యే దారి అది. పడిపోవడం మాత్రం అక్కడిదీ ఇక్కడిదీ ఒకటే. పడేసేది ఏదో ఆయన ఇక్కడ వెతికి పట్టుకున్నాడు. తిరగరాయడమంటే నాకు తెలిసింది అదే.

బుజ్జి: మంచి చోటికి వచ్చావు. పాలకొల్లు నుంచి ఒకమ్మాయి మనకి పంపిందని చెప్పానా, పేరు చెప్పొద్దంది. జేన్ ఆస్టెన్ ప్రైడ్ అండ్ ప్రెజుడిస్‌ని కోనసీమకి తెచ్చి రాస్తోంది. ఆ నవల తెలియని వాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తానండి. 1813 నాటి పుస్తకం. ఒకింట్లో ఐదుగురు ఆడపిల్లలు, మగపిల్లాడు లేడు. తండ్రి పోతే ఇల్లూ భూమీ కూతుళ్లకి రావు, మగవారసుల వైపు బంధువుకి పోతాయి. రెండో అమ్మాయి ఎలిజబెత్, ఏడాదికి పదివేల పౌన్ల రాబడి ఉన్న డార్సీ. అతనికి అహంకారం, ఈమెకి అతని మీద చెడ్డ అభిప్రాయం. చివరికి అవన్నీ కరుగుతాయి. పిన్నీ, ఆ అమ్మాయి రాసింది చదివావు కదా?

పిన్ని: చదివాను. చెయ్యి మంచిదే. కాలవగట్టు మీద ఆటోలో వెళ్తూ అక్కచెల్లెళ్లు దెబ్బలాడుకునే చోటు నాకు చాలా నచ్చింది. కానీ డార్సీకి హైదరాబాద్ కారు ఇచ్చింది, బంగళాని పెంకుటిల్లు చేసింది, డాన్సు బదులు అంతర్వేది తీర్థం పెట్టింది. పైబట్టలన్నీ మారాయి. లోపల నడిచేది మాత్రం ఇంకా ఇంగ్లాండు కథే.

బుజ్జి: ఎక్కడ పట్టుకున్నావు?

పిన్ని: కాలిన్స్ దగ్గర. ఆస్టెన్ నవలలో ఆస్తి పోయేది కాలిన్స్ అనే బంధువుకే, వచ్చి ఎలిజబెత్‌ని చేసుకుంటాననేదీ వాడే. ఒకే మనిషి. ఈ అమ్మాయి వాణ్ణి బావని చేసింది. మగవారసుల వైపు నుంచి ఆస్తి దక్కేవాడు మనకి ఏమవుతాడు? జ్ఞాతి. నాన్న అన్నదమ్ముల వైపు వాడు. అంటే ఈ పిల్లలకి అన్నో, బాబాయో వరసవుతాడు. పెళ్లి మాటే ఎత్తకూడదు! ఒకవేళ బావే అనుకో, అంటే మేనత్త కొడుకో మేనమామ కొడుకో. వాడికి ఆ పొలం మీద హక్కెక్కడిది?

బుజ్జి: అమ్మో. నాకు తట్టనే లేదు.

పిన్ని: అందుకే తెలుగులో కాలిన్స్ ఇద్దరు కావాలి. పొలం కావాలనే జ్ఞాతి ఒకడు, పిల్ల కావాలనే మేనబావ ఒకడు. అలా విడగొట్టగానే కథ ఎంత మారిపోతుందో చూడు. అక్కడ కాలిన్స్‌ని కాదంటే అమ్మ అలిగింది, అంతే. ఇక్కడ మేనబావని కాదంటే అన్నాచెల్లెళ్ల మధ్య రాకపోకలు తెగుతాయి. నాన్న తన తోడబుట్టిన దాని ఇంటి గడప మళ్లీ తొక్కలేడు. ఎలిజబెత్ చెప్పిన "వద్దు" అన్న ఒక్క మాటకి మూడిళ్లు మూల్యం కడతాయి. ఆ బరువుతో డార్సీ దగ్గరికి వెళ్లిన అమ్మాయి వేరే అమ్మాయి అవుతుంది. ఆస్టెన్ రాయని అమ్మాయి.

బుజ్జి: మరి ఆస్తి సంగతి? మన దగ్గర ఆడపిల్లకి వాటా ఉంది కదా ఇప్పుడు.

పిన్ని: ఉంది. దేశం మొత్తానికి 2005లో వచ్చింది కానీ, ఆంధ్రాలో అంతకుముందే ఉంది. 1986లో చట్టం చేసి, 1985 సెప్టెంబరు నుంచి వర్తించేలా ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కిచ్చారు. అప్పటికి పెళ్లికాని కూతుళ్లకి. కాబట్టి "ఇల్లు కూతుళ్లకి రాదు" అన్న ఆస్టెన్ అడ్డు ఇవాళ అమలాపురంలో పెడితే వకీలు దగ్గర ఒక్క పూటలో తేలిపోతుంది. నవల అక్కడే ఆగిపోతుంది.

బుజ్జి: అయితే ఏం పెట్టాలి?

పిన్ని: సంతకం. మన ఇళ్లల్లో ఏం జరుగుతుందో నీకు తెలీదా? పెళ్లికి బంగారం, లాంఛనాలు ఇస్తారు, పసుపు కుంకుమల కింద అరెకరం కొబ్బరితోట రాస్తారు. నాలుగేళ్లు పోయాక అన్నయ్య కాగితం పట్టుకొస్తాడు. "ఏమీ లేదమ్మా, బ్యాంకు లోనుకి అడుగుతున్నారు, ఇక్కడ పెట్టు" అంటాడు. వదిన కాఫీ తెచ్చి పెడుతుంది. ఆ రోజు ఎన్నడూ లేనిది మినపసున్నుండలు కూడా ఉంటాయి పళ్లెంలో. సంతకం పెడితే పుట్టిల్లు ఉంటుంది, పెట్టకపోతే పొలం ఉంటుంది. చట్టం ఇచ్చిన హక్కుని ప్రేమతోనే తీసేసుకుంటారు. అది రాయమను ఆ అమ్మాయిని. ఎలిజబెత్‌కి అరెకరం తోట ఉండాలి, దాని మీద సంతకం పెట్టనని అనాలి, అప్పుడు ఆమెని పొగరుబోతు అనాలి ఊరంతా. పొగరు డార్సీకే ఉండాలని ఎవరన్నారు?

బుజ్జి: (ఆగి) ఇది విన్నాక ఆ అమ్మాయి మొత్తం మొదట్నుంచీ రాస్తుందేమో.

పిన్ని: రాయాలి! ఆమె రాయగలదు కాబట్టే ఇంత చెప్తున్నా.

బుజ్జి: ఇలా అడ్డుని సరిగ్గా పట్టుకున్నవి ఏమున్నాయి పిన్నీ, మనవాళ్లు చూడగలిగినవి?

పిన్ని: ప్రియురాలు పిలిచింది. 2000లో రాజీవ్ మీనన్ తమిళంలో తీసినదానికి తెలుగు డబ్బింగ్. ఆస్టెన్‌దే సెన్స్ అండ్ సెన్సిబిలిటీ ఆధారం. ఇల్లు పోయిన అక్కచెల్లెళ్ల కథ. అందులో టబు పాత్ర చూడు. పెళ్లి కుదిరినవాడు చచ్చిపోయాడని రాశిలేని పిల్ల అనే ముద్ర వేశారు. ఆస్టెన్ నవలలో అక్కకి ఆ ముద్ర లేదు, మనకి ఉంది. అలాగే ఇల్లు పోయాక మద్రాసు వెళ్లి చిన్న ఉద్యోగంలో చేరి, తర్వాత ప్రోగ్రామర్ అవుతుంది. ఆస్టెన్ అమ్మాయిలకి ఉద్యోగం అనే దారే లేదు. దారి ఉన్నా మనసులో మాట చెప్పలేకపోవడం ఎలా ఉంటుందో ఆ సినిమా చూపించింది. నాకు ఆ అక్క పాత్ర మీద ఎంత ఇష్టమో చెప్పలేను.

బుజ్జి: దేవదాసు?

పిన్ని: శరత్ నవల 1917లో అచ్చైంది. మనకి 1953లో నాగేశ్వరరావు, సావిత్రి. ఎన్నిసార్లు తీసినా దేవదాసు మీదే కెమెరా. నాకు కావలసింది పార్వతి. భుబన్ చౌధురి అనే రెండో పెళ్లివాడి ఇల్లు, తన ఈడు సవతి పిల్లలు, గుమ్మం ముందు దేవదాసు శవం. ఆ మర్నాడు తెల్లారి ఆమె ఆ ఇంట్లో ఎవరి మొహం చూసి కాఫీనీళ్లు పెట్టింది? తరవాయి రాయాలనుకునేవాళ్లు అక్కడ మొదలుపెట్టొచ్చు.

బుజ్జి: తరవాయి అంటే నాకు గుర్తొచ్చింది. గాన్ విత్ ద విండ్‌కి 1991లో స్కార్లెట్ అని సీక్వెల్ వచ్చింది, అలెగ్జాండ్రా రిప్లీ రాసింది. రచయిత్రి మార్గరెట్ మిచెల్ వారసులే ఒప్పుకుని రాయించారు. వదిలి వెళ్లిపోయిన మొగుడు రెట్, స్కార్లెట్ మళ్లీ కలుస్తారా లేదా అని యాభై ఏళ్లకి పైగా ఎదురుచూసిన పాఠకులకి "కలిశారు" అని చెప్పింది.

పిన్ని: చెప్పింది. ఏం లాభం? ఆ చివరి పేజీ తెరిచి ఉంచడంలోనే ఆ నవల బలమంతా. నా మట్టుకు నాకు జంటని మళ్లీ కలపడానికి రాసే తరవాయిలు వద్దు. పక్కకి జరిగి చూసేవి కావాలి. జీన్ రీస్ 1966లో వైడ్ సర్గాసో సీ రాసింది. షార్లెట్ బ్రాంటీ పాత నవల జేన్ ఐర్‌లో హీరో రాచెస్టర్ మేడ మీద గదిలో బంధించి ఉంచిన పిచ్చి భార్య ఉంటుంది, అరుపులూ నవ్వులూ తప్ప మనకి ఆమె మాట వినపడదు. రీస్ పుట్టింది కరీబియన్‌లోని డొమినికాలో. ఆ భార్యా ఆ ద్వీపాల పిల్లే. రీస్ ఆమెకి చిన్నతనం ఇచ్చింది, మాట ఇచ్చింది, పెళ్లెలా జరిగిందో చెప్పింది. అది చదివాక రాచెస్టర్ ఎంత గొప్పగా ప్రేమించినా నాకు ముందులా కనపడలేదు.

బుజ్జి: జో బేకర్ 2013లో రాసిన లాంగ్‌బోర్న్ కూడా అలాంటిదే. ప్రైడ్ అండ్ ప్రెజుడిస్‌ ఇంటి పనివాళ్ల కథ.

పిన్ని: అది చాకిరేవుతో మొదలవుతుంది. బట్టలుతికే రోజు. అసలు నవలలో ఎలిజబెత్ అక్కని చూడ్డానికి పొలాలకి అడ్డంపడి నడిచి వెళ్తుంది, లోపలి లంగాకి ఆరంగుళాల బురద. మనం "ఎంత ధైర్యం పిల్లకి" అని మురిసిపోయాం. ఆ బురద ఎవరు ఉతికారు? చలికి పగిలిన చేతులతో ఒక పనిపిల్ల ఉతికింది. మన ఒండ్రు బురద బట్టకి పడితే ఎలా పట్టుకుంటుందో లంక ఊళ్ల ఆడవాళ్లని అడుగు.

బుజ్జి: సరే, మన నవల ఒకటి తీసుకుందాం. అడవి బాపిరాజు గారి నారాయణరావు. ఆయన భీమవరం పక్క సరిపల్లెలో పుట్టారు, కథ కొత్తపేటలో నడుస్తుంది. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతి వేయిపడగలుతో కలిపి పంచుకున్న నవల. దీన్ని తిరగరాయాలంటే?

పిన్ని: ముందు ఆ నవల అందం చెప్పనీ. జమీందారు రైల్లో నారాయణరావుని చూసి ముచ్చటపడి కూతురు శారదనిస్తాడు. పెళ్లయ్యాక ఆ పిల్లకి మొగుడి మీద మనసు లేదు, జమీందారీ బంధువు జగన్మోహనుడి గొప్పలే చెవిలో పోస్తుంటారు చుట్టూ ఉన్నవాళ్లు. నారాయణరావు ఓపిక పడతాడు. ఆస్టెన్‌కి తిరగేసి చూడు. అక్కడ ప్రేమ కుదిరాక పెళ్లి, ఇక్కడ పెళ్లయ్యాక ప్రేమ. కానీ శారద అప్పటికి చిన్నపిల్ల. ఇవాళ రాస్తే ఆమెకి పాతికేళ్లు ఉండాలి. పాతికేళ్లమ్మాయి "నాకు ఇష్టం లేదు" అంటే అది పిల్లచేష్ట కాదు, నిర్ణయం. అప్పుడు నారాయణరావు ఓపికని మంచితనం అనొచ్చా, వదలకపోవడం అనాలా? రాసేవాళ్లు ఈ ప్రశ్నకి జవాబు చెప్పకుండా ముందుకెళ్లలేరు.

బుజ్జి: నాకైతే సూర్యకాంతం కథ రాయాలనిపిస్తుంది. నారాయణరావు చెల్లెలు. మొగుడు రామచంద్రరావు అమెరికా చదువుకి వెళ్లిపోతాడు, ఈ పిల్ల ఇక్కడ ఎదురుచూస్తుంది.

పిన్ని: రాయి! కానీ తిప్పి రాయి. మన పక్క ఇవాళ ఎవరు వెళ్తున్నారు? ఆడవాళ్లు. కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్లి ఇళ్లల్లో పనిచేస్తున్నారు. మొగుడు ఇక్కడ పిల్లలతో. సూర్యకాంతం కువైట్‌లో ఉండాలి, రామచంద్రుడు రాజోలులో ఉండాలి.

బుజ్జి: అప్పట్లో ఓడలో ఉత్తరం రావాలి. ఇప్పుడు రోజూ వాట్సాప్ వీడియో కాల్. అడ్డెక్కడుంది?

పిన్ని: ఆ కాల్లోనే ఉంది నాన్నా. ఎప్పుడైనా పక్కన ఉండి విన్నావా? ఇటు పిల్లలూ అత్తగారూ ఫోన్ చుట్టూ మూగుతారు. అటు మేడమ్ పిలుస్తుంది, ఆమె వంటింట్లో గొంతు తగ్గించి మాట్లాడుతుంది. "ఫీజు కట్టారా? బీపీ మాత్రలు తెచ్చారా? చీటీ పాడారా?" పావుగంట అయిపోతుంది. మొగుడూ పెళ్లాం ఒక్క మాట వాళ్లదంటూ మాట్లాడుకోరు. అప్పటి ఉత్తరంలో కనీసం నాలుగు వాక్యాలు ఒక్కళ్ల కోసమే రాసేవారు.

బుజ్జి: ఇది రాస్తాను పిన్నీ. అనుమతి సంగతి కూడా వినేవాళ్లకి చెప్పాలి. మన చట్టం ప్రకారం రచయిత పోయిన తర్వాత అరవై ఏళ్ల వరకూ హక్కులు వారసులవి. బాపిరాజు గారు 1952లో పోయారు కాబట్టి 2013 నుంచి ఆయన పుస్తకాలు అందరివీ. యద్దనపూడి సులోచనారాణి గారు 2018లో పోయారు. ఆవిడ నవల సెక్రటరీకి తరవాయి రాసి అచ్చు వేయాలంటే ఇంకా చాలాకాలం వారసుల్ని అడగాల్సిందే.

పిన్ని: అడగడం మర్యాద కూడాను.

బుజ్జి: ఏది ముందు చదవమంటావు మరి?

పిన్ని: అసలు నవల ముందు. నారాయణరావు చదవండి, మీ ఊరి శాఖా గ్రంథాలయంలో అడగండి, లేకపోతే తెప్పించమని రాసి ఇవ్వండి. ఆ తర్వాత శారద వైపు నుంచో సూర్యకాంతం వైపు నుంచో ఒక్క సన్నివేశం రాసి పంపండి. పాలకొల్లు అమ్మాయీ, నువ్వు మటుకు ఆ కాగితం తెచ్చిన అన్నయ్యని చెడ్డవాణ్ణి చెయ్యకు. వాడికీ చెల్లెలంటే ప్రాణమే అయ్యుండాలి. చెల్లెలు కలం పక్కన పెట్టేసిన తర్వాత సున్నుండలు ఎవరు తిన్నారో దగ్గర్నుంచి పంపు, మిగతాది నేను తర్వాత చదువుతా.