దాహం వేసినా చెప్పని చెట్టు: ఇంటి ముందు వీపింగ్ అలాస్కా సీడర్

[దృశ్యం: ఇంటి ముందు నిలువెత్తు చెట్టు. కాండం నిటారుగా ఉంది. కొమ్మలు కిందికి వంగాయి, వాటి నుంచి రెమ్మలు జడల్లా వేలాడుతున్నాయి.]

వ్యాఖ్యానం: మామూలు మొక్కకు నీళ్లు చాలకపోతే ఆకులు వాలుస్తుంది. చూడగానే బకెట్ తెచ్చి పోస్తాం. ఈ చెట్టు దగ్గర ఆ ఆనవాలు పనికిరాదు. నిండు ఆరోగ్యంతో ఉన్నప్పుడే దీని రెమ్మలు వాలి ఉంటాయి, దాహం వేసినా అలాగే ఉంటాయి. రంగు మారి మన కంట పడేసరికి వేళ్లు ఎండి కొన్ని వారాలు గడిచిపోయి ఉంటాయి. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటిల్, బోథెల్, సమామిష్ వైపు ఇంటి ముందు నాటిన మొక్క మొదటి రెండు వేసవుల్లో ఎండిపోయిందంటే ముందు నీళ్ల సంగతే చూడాలి.

[దృశ్యం: నర్సరీ. మొక్కకు కట్టిన చీటీ దగ్గరగా.]

సీడర్ అని పిలుస్తారు గానీ ఇది మన దేవదారు జాతి కాదు. అసలు సీడర్ దేవదారే, ఇది సైప్రస్. కెనడాలోని వాంకూవర్ దీవి మీద నూట్కా సౌండ్ అనే చోటు ఉంది, దీని శాస్త్రీయ నామం అక్కడి నుంచే వచ్చింది. 1824లో మొదటిసారి వర్ణించినప్పటి నుంచి వృక్షశాస్త్రజ్ఞులు దీన్ని ఒక ప్రజాతి నుంచి ఇంకో ప్రజాతిలోకి మారుస్తూనే ఉన్నారు. అందుకే చీటీ మీద ఒకచోట కుప్రెస్సస్, ఒకచోట కామేసిపారిస్, మరోచోట కాలిట్రాప్సిస్ అని కనిపిస్తుంది. మీరు చూడాల్సింది రెండో మాట: నూట్కాటెన్సిస్. అది ఉంటే ఇదే చెట్టు.

రకం ఎంచుకునేటప్పుడు వెడల్పు చూడండి. ‘పెండ్యులా’ 20 నుంచి 35 అడుగుల ఎత్తు పెరుగుతుంది, అడుగుభాగంలో 12 అడుగుల దాకా పరుచుకుంటుంది. దాన్ని గోడకు కనీసం 10 అడుగుల దూరంలో పెట్టాలి. ముందు జాగా చిన్నదైతే ‘గ్రీన్ యారో’ మేలు, అది అయిదారు అడుగుల వెడల్పు దాటదు. ‘వాన్ డెన్ ఆకర్’ ఇంకా సన్నం, స్తంభంలా నిలబడుతుంది. ఇరుకు జాగాలో పెండ్యులా పెట్టి, తర్వాత కత్తిరించి సరిపెడదాం అనుకోవద్దు. ఈ చెట్టు పచ్చదనం లేని పాత కొమ్మ మీద మళ్లీ చిగురించదు. ఎక్కడ మోడు చేస్తే అక్కడ మోడుగానే మిగులుతుంది.

[దృశ్యం: అలాస్కా కొండవాలు. పచ్చని అడవిలో బూడిదరంగు మోడులు.]

నాటే ముందు దీని వేళ్ల గురించి ఒక సంగతి తెలియాలి. ఆగ్నేయ అలాస్కాలో ఈ చెట్లు పెద్ద సంఖ్యలో చనిపోయాయి. పురుగు వల్ల కాదు, తెగులు వల్ల కాదు. వాతావరణం వేడెక్కి, చలికాలం చివర నేల మీద మంచు దుప్పటి పలచబడింది. ఆ తర్వాత వచ్చిన చలిగాలికి, పైపైనే ఉన్న సన్నటి వేళ్లు గడ్డకట్టి చచ్చిపోయాయి. వెయ్యేళ్లు బతకగల చెట్టుకు కూడా ఆయువుపట్టు నేల పైపొరలోనే ఉంది. మన ఇంటి ముందు చేసే ప్రతి పనీ ఆ పొరను కాపాడడానికే.

[దృశ్యం: పలుగుతో గొయ్యి తవ్వుతున్న చేతులు.]

వాషింగ్టన్ రాష్ట్రంలో నాటడానికి మంచి కాలం సెప్టెంబర్ చివర నుంచి నవంబర్ దాకా. వానలు మొదలవుతాయి, నేల ఇంకా వెచ్చగా ఉంటుంది. తవ్వడానికి రెండు పనిదినాల ముందు 811కి ఫోన్ చేయండి. గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో వచ్చి ఉచితంగా గీతలు వేసి వెళతారు.

ముందు నీరు ఇంకుతుందో లేదో చూడాలి. అడుగు లోతు గొయ్యి తీసి నీళ్లు నింపండి. ఇంకిపోయాక మళ్లీ నింపి కొలవండి. గంటకు అంగుళం కూడా దిగకపోతే అక్కడ గొయ్యిలో నాటొద్దు. కొత్త కాలనీల్లో యంత్రాలు తొక్కిన నేల గచ్చులా ఉంటుంది, తవ్విన గొయ్యి చలికాలమంతా నీళ్ల తొట్టి అవుతుంది. అలాంటి చోట చుట్టూ మట్టి పోసి వెడల్పాటి దిబ్బ చేసి దాని మీద నాటాలి.

గొయ్యి వెడల్పు వేరు ముద్దకు, అంటే వేళ్లు, వాటిని అంటిన మట్టి కలిసిన ముద్దకు, రెండు మూడింతలు ఉండాలి. లోతు మాత్రం ముద్ద ఎత్తుకు మించకూడదు. కాండం వెడల్పై వేళ్లుగా విడిపోయే చోటు నేలకు ఒక అంగుళం పైనే కనిపించాలి. నర్సరీ మట్టి ఆ చోటును కప్పేసి ఉంటే చేత్తో తీసేయండి. కుండీలో గుండ్రంగా చుట్టుకున్న వేళ్లను విడదీయండి, విడిపోనివి కత్తిరించండి. గోనెపట్టా, తీగల బుట్టతో వచ్చిన మొక్కైతే గొయ్యిలో దించాక వాటిని కోసి బయటికి లాగేయాలి. తవ్విన మట్టినే తిరిగి నింపండి. గొయ్యిలో కంపోస్ట్ కలిపితే అది కుళ్లి అణిగిపోతుంది, దాంతో పాటు మొక్కా కిందికి దిగుతుంది. మొదటి ఏడాది ఎరువు అక్కర్లేదు.

చుట్టూ మూడడుగుల మేర గడ్డి తీసేసి, మూడు నాలుగు అంగుళాల మందాన చెక్కముక్కలు పరచండి. కాండం చుట్టూ నాలుగు అంగుళాలు ఖాళీ వదలాలి. అలాస్కాలో మంచు దుప్పటి చేసే పని ఇక్కడ ఈ చెక్కముక్కలు చేస్తాయి. లాన్‌కు చల్లే వీడ్ అండ్ ఫీడ్ మందును మాత్రం ఈ చెట్టు దరిదాపులకు రానీయకండి. అందులో కలుపు మందు ఉంటుంది, పైపై వేళ్లు దాన్ని పీల్చుకుంటాయి.

[దృశ్యం: అయిదు గాలన్ల బకెట్లు రెండు. అడుగున చిన్న చిల్లు, సన్నటి ధార.]

ఇప్పుడు నీళ్లు. సియాటిల్‌లో వాన ఎక్కువని పేరు గానీ, జులై, ఆగస్టు కలిపినా మామూలుగా రెండు అంగుళాలు కూడా పడదు. రెండు బకెట్ల అడుగున ఒక సూత్, అంటే ఎనిమిదో వంతు అంగుళం చిల్లు పెట్టండి. ఆరడుగుల మొక్కకు విడతకు 10 గాలన్లు. జూన్ నుంచి వానలు వచ్చేదాకా మొదటి వేసవిలో వారానికి రెండుసార్లు, రెండో వేసవిలో ఒకసారి, మూడో వేసవిలో రెండు వారాలకోసారి.

బకెట్ ఎక్కడ పెట్టారన్నది కూడా ముఖ్యమే. మొదటి వేసవిలో వేళ్లన్నీ ఇంకా కుండీ ముద్దలోనే ఉంటాయి. చుట్టూ బంకమట్టి తడిగా ఉన్నా ముద్ద లోపల పొడిపొడిగా ఉండొచ్చు. కాబట్టి ధార ముద్ద మీదే పడాలి. రెండో ఏడు నుంచి బకెట్‌ను రెండడుగులు బయటికి జరపండి. అనుమానం వస్తే పొడవాటి స్క్రూడ్రైవర్‌ను ముద్దలోకి ఆరంగుళాలు గుచ్చి తీయండి. మట్టి అంటుకుని చల్లగా వస్తే ఆగొచ్చు. పొడిగా వస్తే వెంటనే పోయండి. లాన్ స్ప్రింక్లర్ నీళ్లు పైపొరను తడిపి ఆగిపోతాయి, వాటిని లెక్కలో వేసుకోకండి.

2021 జూన్ 28న సియాటిల్ విమానాశ్రయమైన సీటాక్ దగ్గర 108 డిగ్రీల ఫారన్‌హీట్ నమోదైంది. అలాంటి వేడి వస్తోందని తెలిస్తే ముందు రోజే నీళ్లు పెట్టాలి. మాడిపోయాక పోసినా ఆ రెమ్మలు తిరిగి పచ్చబడవు.

[దృశ్యం: గోధుమరంగు రెమ్మలు, మూడు రకాలుగా.]

గోధుమరంగు కనబడగానే కంగారు పడొద్దు, ఎక్కడ ఉందో చూడండి. శరదృతువులో కాండం దగ్గర, లోపలి వైపు మాత్రమే ఉంటే పాత ఆకు రాలడం, అది సహజం. ఎండ తగిలే దక్షిణ, పడమర వైపు కొనలు మాడితే వేడి, నీటి కొరత. చెట్టంతా కళ తప్పి బూడిదరంగుకు తిరిగితే వేళ్లు చెడుతున్నట్టు. ముద్ద దగ్గర తవ్వి వాసన చూడండి, కుళ్లు వాసన వస్తే నీరు నిలుస్తోంది.

చిట్టచివరి కొన పక్కకు వంగి ఉంటే అది జబ్బు కాదు. కొత్త కొన వంగే పుడుతుంది, ముదిరే కొద్దీ లేస్తుంది. త్వరగా ఎత్తు కావాలంటే వెదురు బద్దకు మెత్తటి పట్టీతో కట్టి, ఆరు నెలలకోసారి వదులు చేయండి. లేకపోతే పట్టీ బెరడును కోసేస్తుంది.

[దృశ్యం: డాలస్‌లో ఎండ కాస్తున్న వీధి. తర్వాత హైదరాబాద్‌లో కాంపౌండ్ గోడ వెంట అశోక వరుస.]

డాలస్ వైపు ఉన్నవాళ్లు దీన్ని కొనకండి. అక్కడి వేడి రాత్రులు ఈ చెట్టుకు పడవు. అదే వాలు కావాలంటే అరిజోనా సైప్రస్‌లో ‘రేవుడ్స్ వీపింగ్’ అనే నీలిరంగు రకం ఉంది, అది ఎండకు తట్టుకుంటుంది. హైదరాబాద్, విజయవాడల్లో అయితే నర్సరీవాళ్లు అశోక అని అమ్మే నరమామిడి చాలు, అదీ ఏడాది పొడవునా పచ్చగా వాలే ఉంటుంది. దానికీ మొదటి రెండు వేసవులు నీళ్ల మీద ఇదే శ్రద్ధ పెట్టాలి.