ఉప్పుగాలి ఊళ్లో స్కీల సంరక్షణ: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: కావలి నుంచి ఒక శ్రోత లైనులో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. మా అబ్బాయి కశ్మీరులోని గుల్మార్గ్‌లో మంచు మీద జారే స్కీయింగ్ ఆట నేర్చుకుని, దానికోసం బూట్లకు బిగించుకునే పొడవాటి పలకలు, అంటే స్కీలు, సొంతంగా కొనుక్కుని మార్చిలో ఇంటికి తెచ్చాడు. సంచిలో పెట్టి అటక మీద ఉంచాము. ఇప్పుడు దించి చూస్తే అంచుల పొడవునా తుప్పు, అడుగున అక్కడక్కడ తెల్లని మచ్చలు కనిపిస్తున్నాయి. ఇంట్లోనే బాగుచేసుకోవచ్చా?

నిపుణుడు: నిక్షేపంగా చేసుకోవచ్చునమ్మా. అంచు ఉక్కుది, అడుగు పాలిథీన్‌ది కనుక రెండింటికీ చేయవలసిన పని వేరు. తుప్పు పైపైన ఉంటే గమ్మీ రాయి అనే రబ్బరు రాయితో రుద్దితే పోతుంది. గుంటలు పడితేనే ఆకురాయి పట్టాలి. అదికూడా చేతి అంచనాతో కాకుండా, కోణం నిలిపే గైడుకు బిగించి, ముక్కు నుంచి తోక వరకు ఒకే దిశలో తేలికగా లాగాలి. పక్క అంచు సాధారణంగా 88 లేదా 87 డిగ్రీలు ఉంటుంది. తయారీదారు ఇచ్చిన కోణాన్నే పాటించండి. అరగదీసిన ఉక్కు తిరిగి రాదు కాబట్టి మాటిమాటికీ పదును పెట్టే అలవాటు మంచిది కాదని నా అభిప్రాయం. అడుగు తెల్లబడిందంటే మైనం తగ్గి ఆరిపోయిందన్నమాట. శుభ్రంగా తుడిచి, మైనం కరిగించి పట్టించాలి.

శ్రోత: బట్టల ఇస్త్రీపెట్టె సరిపోతుందా?

నిపుణుడు: వద్దమ్మా. దాని వేడి నిలకడగా ఉండదు, పైగా ఆవిరి రంధ్రాల్లో చేరిన మైనం తరువాత మీ చీరలకు అంటుకుంటుంది. స్కీల ఇస్త్రీపెట్టెనే తీసుకుని, మైనం పొట్లం మీద రాసిన వేడికి అమర్చండి. పొగ వస్తే వేడి ఎక్కువైనట్టే. ఒకేచోట ఆపితే అడుగు కాలిపోతుంది కనుక పెట్టెను కదుపుతూనే ఉండాలి. ఫ్లోరిన్ రసాయనాలు కలిపిన మైనాల జోలికి వెళ్లనవసరం లేదు. అంతర్జాతీయ స్కీ సమాఖ్య కూడా 2023-24 సీజన్ నుంచి పోటీల్లో వాటిని నిషేధించింది.

మన తీరంలో అసలు జాగ్రత్త దాచేటప్పుడే ఉంది. ఉప్పుగాలికి తోడు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల తడి ఉంటుంది. అందువల్ల సీజన్ ముగియగానే స్కీలను పూర్తిగా ఆరబెట్టి, అడుగుతోపాటు అంచులు కూడా మునిగేలా మైనం దట్టంగా పట్టించి, గీకకుండా వదిలేయాలి. మళ్లీ మంచుకు వెళ్లే ముందు ప్లాస్టిక్ పలకతో గీకి, నైలాన్ బ్రష్‌తో రుద్దితే చాలు. వేసవిలో స్లాబు కింది అటక కాగిపోతుంది కాబట్టి, గాలి ఆడే లోపలి గదిలో, నేలకు తగలకుండా పెట్టండి.

శ్రోత: బూటు బిగించే భాగాన్ని కూడా మేమే సరిచేసుకోవచ్చా?

నిపుణుడు: దాన్ని మాత్రం ముట్టుకోకండి. పడినప్పుడు బూటు ఏ మేరకు ఒత్తిడికి ఊడాలన్నది మనిషి బరువు, ఎత్తు, వయసు, నైపుణ్యం, బూటు అడుగు పొడవులను బట్టి నిర్ణయిస్తారు. అది తప్పితే కాలు విరుగుతుంది. గుల్మార్గ్ వెళ్లాక, మంచు మీదికి దిగకముందే, శిక్షణ పొందిన సాంకేతిక నిపుణుడికి చూపించమనండి.