పాత బ్యాలెన్స్ (ల్యాబ్ తూకపు యంత్రం), విండోస్ 11 ల్యాప్‌టాప్: మధ్యలో ఈ కన్వర్టర్ కొనవచ్చా? విశాఖ ల్యాబ్‌లో పరీక్ష

నమస్కారం. ముందే చెప్పేస్తున్నాను, బల్ల మీద ఉన్న ఈ కన్వర్టర్ నేను డబ్బు పెట్టి కొన్నది కాదు. కంపెనీవారు కొరియర్‌లో పంపారు. వీడియో పెట్టే ముందు ఒకసారి మాకు చూపించండి అని కూడా అడిగారు. చూపించలేదు. నేను ఏమంటానో మీతో పాటే వాళ్లకూ తెలుస్తుంది. పేరు కింద రాసి ఉంది, నా నోటితో పదిసార్లు చెప్పించవద్దు.

స్పెసిఫికేషన్లు చదివి వినిపించను, అవి మీరు ఎక్కడో చూసే ఇక్కడికి వచ్చి ఉంటారు. ఒక చివర కంప్యూటర్‌కు యూఎస్‌బీ, ఇంకో చివర పాత పరికరాలకు తొమ్మిది పిన్నుల ఆర్‌ఎస్-232 పోర్టు, లోపల ఎఫ్‌టీడీఐ అనే కంపెనీ చిప్పు, మధ్యలో ఐసొలేషన్, అంటే రెండు వైపుల కరెంటు కలవకుండా అడ్డు. పైన రెండు చిన్న దీపాలు, ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ. ఈ వీడియోలో సగం ఆ దీపాల గురించే ఉంటుంది, ఓపిక లేనివారు ఇప్పుడే వెళ్లిపోవచ్చు.

నా పని తెలియనివారికి ఒక మాట. విశాఖలో కాలేజీ ల్యాబుల్లో, పరవాడ వైపు ఫార్మా కంపెనీల్లో పాత పరికరాలు బాగుచేస్తుంటాను. బ్యాలెన్స్, పీహెచ్ మీటర్, స్పెక్ట్రోఫోటోమీటర్, ఇలాంటివి. నిజానికి నన్ను పిలిచిన వాటిలో సగం సార్లు పరికరం బాగానే ఉంటుంది. పాతికేళ్ల క్రితం కొన్న బ్యాలెన్స్ ఇవాళ్టికీ గ్రాములో పదివేలో వంతు తేడా పట్టేస్తుంది. పోయేది దాని పక్కన ఉన్న కంప్యూటర్. కొత్తది కొంటారు, వెనక్కి తిప్పి చూస్తారు, తొమ్మిది పిన్నుల రంధ్రం ఉండదు. అప్పుడు నాకు ఫోను వస్తుంది.

ఈసారి వచ్చిన ఫోను నగరంలోనే ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్ నుంచి. ల్యాబ్ చూసుకునే మేడమ్ చాలా నిదానం మనిషి. "ఏమండీ, బ్యాలెన్స్ మార్చమంటున్నారు. నాకేమో దాని మీద నమ్మకం, ఒకసారి మీరు చూసి చెప్పండి" అన్నారు. సరిగ్గా అదే వారం ఈ డబ్బా వచ్చింది. నా ఇంటి బల్ల మీద పరీక్షించడం కంటే అక్కడికే పట్టుకుపోవడం మేలు అనిపించింది.

తగిలించగానే ల్యాప్‌టాప్ గుర్తుపట్టింది. కామ్ 7 అని పోర్టు నంబరు ఇచ్చింది. పోర్టులో వచ్చే అక్షరాలు తెర మీద చూపే టెర్మినల్ ప్రోగ్రామ్ తెరిచి, అందరూ పెట్టినట్టే వేగం 9600, అక్షరానికి 8 బిట్లు, పారిటీ (తప్పు పట్టడానికి చేర్చే బిట్టు) లేదు అని పెట్టాను. బ్యాలెన్స్ మీద ప్రింట్ మీట నొక్కాను. ఆకుపచ్చ దీపం చిన్నగా మిణుక్కుమంది. తెర మీద చెత్త.

ఇక్కడ ఆపండి. ఆ దీపం మిణుక్కుమంది చూశారా? నాకు ఆ క్షణంలోనే సగం పని అయిపోయింది. ఎందుకో చెబుతాను. ఈ పనిలో ఎప్పుడూ ఒకటే ప్రశ్న: ముగ్గురిలో మాట్లాడనిది ఎవరు? పరికరమా, కంప్యూటరా, మధ్యలో కేబులా? దీపం లేని కన్వర్టర్‌తో అది తెలుసుకోవాలంటే మల్టీమీటర్ తీయాలి. అయిదో పిన్ను గ్రౌండు, రెండో పిన్నులో పరికరం మాట వస్తుంది. ఆ రెంటి మధ్య చూస్తే పరికరం మౌనంగా ఉన్నప్పుడు మైనస్ వోల్టేజీ కనిపించాలి. సున్నా కనిపిస్తే అవతల ఎవరూ లేనట్టు. బల్ల కింద దూరి, నోట్లో టార్చి పట్టుకుని, ఒక చేత్తో కేబుల్, ఇంకో చేత్తో మీటర్ వైర్లు. ఎన్నేళ్లు ఇలా చేశానో. ఈ ఆకుపచ్చ దీపం ఒక్క మిణుకులో చెప్పేసింది: కేబుల్ సరే, బ్యాలెన్స్ మాట్లాడుతోంది, తప్పు నీ సెట్టింగులో ఉంది.

నా పాత కన్వర్టర్‌కూ ఒక దీపం ఉండేది. డాబా గార్డెన్స్‌లో 180 రూపాయలకు కొన్నాను. యూఎస్‌బీలో పెట్టగానే వెలిగేది, తీసేదాకా వెలుగుతూనే ఉండేది. కరెంటు ఉందని చెప్పడానికి అక్కడ దీపం ఎందుకండీ? ల్యాప్‌టాప్ వెలుగుతోందిగా!

ఇంకో సంగతి. 9600 వేగంలో ఒక బరువు, అంటే పదహారు అక్షరాల వరుస, సెకనులో అరవయ్యో వంతులో వెళ్లిపోతుంది. కంటికి అంత తేలిగ్గా ఆనదు. ఈ చిప్పు దీపాన్ని అవసరమైనదాని కంటే కొంచెం ఎక్కువసేపు వెలిగించి ఉంచుతుంది, మనిషి చూడాలని. ఇలా ఆలోచించిన ఇంజనీరుకు నేను కాఫీ ఇప్పిస్తాను.

సరే, చెత్త సంగతి. బ్యాలెన్స్ మెనూలోకి వెళ్లి చూస్తే అది 1200 వేగంలో ఉంది. ఇక్కడ నేను తొందరపడి వేగం ఒక్కటే మార్చాను, పారిటీ చూడలేదు. మళ్లీ ప్రింట్ నొక్కాను. పళ్లెంలో 20 గ్రాముల తూకపు రాయి ఉంది. తెర మీద ఏమి వచ్చిందో చూడండి. మొదట 2, సరిగ్గా వచ్చింది. తర్వాత సున్నా ఉండాల్సిన చోట డిగ్రీ గుర్తు. దశాంశ బిందువు ఉండాల్సిన చోట వలయంలో ఆర్ అక్షరం, ట్రేడ్‌మార్కుల పక్కన వేస్తారే, అది. ఆ తర్వాత వరుసగా నాలుగు డిగ్రీ గుర్తులు. మేడమ్ నా భుజం మీదుగా చూసి, "ఇది ఉష్ణోగ్రత కూడా చెబుతోందా?" అన్నారు. నవ్వు ఆపుకోలేకపోయాను.

ఇది పిచ్చి గీతల్లా కనిపించినా దీనికి లెక్క ఉంది. బ్యాలెన్స్ అక్షరాన్ని ఏడు బిట్లలో పంపి, ఎనిమిదోదాన్ని కాపలాకు పెడుతోంది. ఏడింటిలో ఒకట్లు సరిసంఖ్యలో ఉంటే ఇంకో ఒకటి చేర్చి మొత్తం బేసి చేస్తుంది. ఆడ్ పారిటీ అంటే అంతే. నా ల్యాప్‌టాప్ మాత్రం ఎనిమిదీ అక్షరంలో భాగమే అనుకుంటోంది. అందుకని 1, 2, 4, 7, 8 అంకెలు శుభ్రంగా వస్తాయి, 0, 3, 5, 6, 9 మాత్రం వేషం మార్చుకుంటాయి. 5 అయితే మైక్రోగ్రాములకు రాసే మ్యూ గుర్తులా వస్తుంది. ల్యాబ్‌లో డిగ్రీ గుర్తు, మ్యూ గుర్తు కనిపిస్తే ఎవరికీ వెంటనే అనుమానం రాదు, అదే ప్రమాదం. మీ తెర మీద కొన్ని అంకెలు బాగుండి కొన్ని ఇలా వస్తుంటే కేబుల్ మార్చకండి, కన్వర్టర్ తిట్టకండి. 7 బిట్లు, ఆడ్ పారిటీ పెట్టి చూడండి. పెట్టాను. 20.0000 వచ్చింది. అటెండర్ టీ తెచ్చి ఇచ్చాడు.

అసలు ఏమీ రాకపోతే? దీపం కూడా వెలగకపోతే? ఒక జెమ్ క్లిప్పు వంచి కన్వర్టర్ రెండో పిన్నుకూ మూడో పిన్నుకూ కలపండి. హార్డ్‌వేర్ హ్యాండ్‌షేక్ (పంపవచ్చా అని అవతలివాళ్లను ముందే అడిగే సెట్టింగు) ఆపి టెర్మినల్‌లో ఏదైనా టైప్ చేయండి. మీరు కొట్టిన అక్షరమే తిరిగి వస్తే కన్వర్టర్ బాగుంది. ఇక కేబుల్ చూడాలి. కొన్ని పరికరాలకు మామూలు కేబుల్ కావాలి, కొన్నిటికి రెండో, మూడో పిన్నుల తీగలు తారుమారు చేసిన నల్ మోడెమ్ కేబుల్ కావాలి. నేను సంచిలో రెండూ పెట్టుకుంటాను. పాతికపిన్నుల పోర్టు ఉన్న పరికరంలో రెండు, మూడు పిన్నుల పనులు తొమ్మిదిపిన్నుల దానికి ఎదురుగా ఉంటాయి, గ్రౌండు ఏడోది, అది మరచిపోకండి. వెనక ఇరవైనాలుగు పిన్నుల వెడల్పాటి కనెక్టర్ ఉంటే మాత్రం అది జీపీఐబీ అనే వేరే రకం పోర్టు, 1975లో ఐఈఈఈ-488 ప్రమాణంగా వచ్చింది. ఈ కన్వర్టర్ దానికి పనికిరాదు.

ఇప్పుడు కోపం సంగతి. దగ్గరగా చూపిస్తాను. కనెక్టర్‌కు రెండు పక్కలా ఉన్నవి స్క్రూలు. మీ కేబుల్ చివర ఉన్నవీ స్క్రూలే. స్క్రూకు స్క్రూ ఎదురుపడితే ఎలా బిగుస్తుంది? ఇక్కడ ఆరు పలకల నట్లు ఉండాలి. రెండు నట్లు. వాటి ఖరీదు ఎంత? పెట్టెలో స్టిక్కరు ఉంది, కృతజ్ఞతలు చెబుతూ రంగుల కార్డు ఉంది, సంచి కట్టుకునే తాడు ఉంది, నట్లు లేవు! సరే అని హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్లాను. అక్కడ ఉన్నవన్నీ మూడు మిల్లీమీటర్లవి. ఈ కనెక్టర్లకు కావాల్సింది ఫోర్-ఫార్టీ అనే అంగుళాల కొలత మర. చూడటానికి రెండూ ఒకలాగే ఉంటాయి, ఒక చుట్టు తిరుగుతున్నట్టే అనిపిస్తుంది, తర్వాత పట్టేస్తుంది. బలవంతం చేస్తే మర చెడుతుంది. చివరికి పనికిరాని ఒక ప్రింటర్ కార్డు నుంచి రెండు నట్లు విప్పి పెట్టుకున్నాను. కేబుల్ బిగించకపోతే ఏమవుతుంది అంటారా? ల్యాబ్ ఊడ్చేవాళ్ల చీపురు తగిలి మధ్యాహ్నానికల్లా ఊడిపోతుంది. నేను చూశాను, రెండు ల్యాబుల్లో.

సముద్రపు గాలి సంగతి కూడా ఉంది. బీచ్ రోడ్డుకు దగ్గర్లో ఉన్న ల్యాబుల్లో పిన్నుల మీద ఆకుపచ్చ చిలుము పడుతుంది. పట్టు వదులుగా ఉన్న కనెక్టర్‌లోకి తేమ ఇంకా సులువుగా చేరుతుంది. ఆ నట్ల మీద నాకు ఇంత పట్టుదల అందుకే.

ఐసొలేషన్ గురించి రెండు ముక్కలు. ఒకే ప్లగ్ బోర్డు మీద సెంట్రిఫ్యూజ్, ఓవెన్, ల్యాప్‌టాప్ చార్జరు ఉంటే ఎర్తింగు తేడాలు కేబుల్ గుండా పారతాయి. పోర్టులు కాలిపోయినవి నా పెట్టెలో నాలుగు ఉన్నాయి. ఇందులో ఆ తోవ మూసి ఉంది. మంచిదే. దీని మీద ఇంతకంటే ఉత్సాహం నాకు రావడం లేదు.

లోపలి చిప్పు అసలుదా, నకిలీదా అని ఎవరో తప్పక అడుగుతారు. 2014 అక్టోబర్ మా ఊరివాళ్లకు హుద్‌హుద్ తుపానుతో గుర్తు, 12వ తేదీన. రోజుల తరబడి కరెంటు లేదు, ల్యాబుల్లో తడిసిన కంప్యూటర్లు ఎన్నో. సరిగ్గా ఆ నెలలోనే ఎఫ్‌టీడీఐ కంపెనీ కొత్త డ్రైవర్ విండోస్ అప్‌డేట్ ద్వారా ప్రపంచమంతా చేరింది. నకిలీ చిప్పు కనబడితే ఆ డ్రైవర్ చిప్పులోని ప్రొడక్ట్ ఐడీని, అంటే కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టే నంబరును, సున్నా చేసేసేది. అంతటితో కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టడం మానేస్తుంది. నకిలీ అని తెలియకుండా కొన్నవాడి గతి ఏమిటి? గగ్గోలు లేచాక ఆ డ్రైవర్‌ను వెనక్కి తీసుకున్నారు. నకిలీ అమ్మినవాడు హాయిగా ఉన్నాడు, కొన్నవాడు తల పట్టుకున్నాడు. 180 రూపాయలదానిలో ఏ చిప్పు ఉందో నాకు ఇప్పటికీ ధైర్యం చాలదు విప్పి చూడటానికి.

ఇది మీకు అన్ని సమస్యలూ తీర్చదు, అది కూడా వినండి. తీగ కలిస్తే చాలదు, పరికరంతో వచ్చిన పాత ప్రోగ్రామ్ నడవాలి. 16 బిట్ల ప్రోగ్రాములు 64 బిట్ల విండోస్‌లో నడవవు, విండోస్ 11 వచ్చిందే 64 బిట్లతో. కొన్ని ప్రోగ్రాములకు కామ్ 1 నుంచి కామ్ 4 దాకానే తెలుసు. అప్పుడు డివైస్ మేనేజర్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లోకి వెళ్లి నంబరు మార్చుకోవాలి. యూఎస్‌బీని నిద్రపుచ్చే పవర్ సేవింగ్ కూడా ఆపేయండి, లేకపోతే భోజనం చేసి వచ్చేసరికి బ్యాలెన్స్ మాట వినేవాళ్లు ఉండరు. ప్రింటర్ పోర్టుకు తగిలించే తాళం డాంగిల్ ఉన్న ప్రోగ్రాము అయితే ఈ కన్వర్టర్ చూడనే వద్దు.

పరవాడలో ఒక ల్యాబ్‌లో ఇప్పటికీ విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ ఉంది. మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న దానికి సపోర్టు ఆపేసింది. నెట్ తీగ పీకేసి, మీద కాగితం అంటించి వాడుతున్నారు. అక్కడ కంప్యూటర్ మార్చితే మొత్తం వాలిడేషన్, అంటే అంతా సరిగ్గా పనిచేస్తోందని కాగితాల మీద రుజువు చేయడం, మళ్లీ చేయాలి. ఆ తలనొప్పి ముందు పాత కంప్యూటరే నయం అంటారు. వాళ్లను నేను తప్పుపట్టను. కానీ విండోస్ 10 కూడా 2025 అక్టోబర్ 14తో ఆ వరుసలోకి చేరింది, కాగితాలు ఇంకా చాలా అంటించాలి.

కొనవచ్చా? ధర 2,400 రూపాయలు, ఎక్కువే. నట్లు లేకుండా ఇంకా ఎక్కువ. అయినా కొనండి అంటాను, ఆ ఆకుపచ్చ దీపం కోసమే. లెక్క వేసి చూస్తే దీపాల్లేని ఎఫ్‌టీడీఐ కన్వర్టర్ ఇంతకంటే చవకగా దొరుకుతుంది, అదీ ఇలాగే పనిచేస్తుంది. నాకు తెలుసు. నాకు బల్ల కింద దూరే వయసు దాటిపోయింది.

ఇంకో విషయం, ఈ దృశ్యాలన్నీ మొదటి రోజువే. రెండో రోజు ఇంట్లో కూర్చుని తీరిగ్గా తీద్దామని కన్వర్టర్ కోసం ఆ ల్యాబ్‌కు వెళ్లాను. దాని మీద తెల్ల కాగితం అతికించి ఉంది, ఎర్ర సిరాతో "తీయరాదు" అని రాసి ఉంది. మేడమ్ లేరు, క్లాసులో ఉన్నారు. అటెండర్ నావైపు చూసి, "తీస్తే నన్ను అంటారు సార్" అన్నాడు. నా దగ్గర మిగిలింది ఈ ఖాళీ డబ్బా, రంగుల కార్డు. కంపెనీవారు శాంపిల్ తిరిగి పంపమంటే మేడమ్‌నే అడగమని చెబుతాను.