కొండవాలు పత్తి, పల్లపు వరి: రైతులతో ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. ఒడిశాలోని రాయగడ, గజపతి జిల్లాల శ్రోతలకు స్వాగతం. వ్యవసాయ నిపుణులు మనతో ఉన్నారు. మొదటి ఫోను గుణుపురం నుంచి. చెప్పండి.

శ్రోత: నమస్కారం సార్. వంశధార పక్కన మాకు రెండెకరాల వరి ఉంది. పైన కొండవాలు మాది కాదు, ఒక సవర కుటుంబం పోడు చేసుకునేది. ఇప్పుడు కౌలుకు ఇస్తామంటున్నారు. మా బావమరిది కూడా అలాగే తీసుకుని పత్తి వేశాడు. పోయినేడు పంట బాగా వచ్చింది, కూతురి పెళ్లి కూడా చేశాడు...

నిపుణుడు: ప్రశ్న అడగండి.

శ్రోత: అదే సార్. ఇంకొంచెం తుప్పలు కొట్టి పత్తి వేద్దామని. ఏ విత్తనం మంచిది?

నిపుణుడు: విత్తనం మాట తర్వాత. రాయగడ షెడ్యూల్డ్ ప్రాంతం. ఒడిశా 1956 నిబంధన ప్రకారం గిరిజనుల భూమిని ఇతరులు కౌలుకు తీసుకున్నా బదలాయింపే, అది చెల్లదు. అటవీ హక్కు పట్టా ఉంటే అది వారసులకు చెందుతుంది గానీ ఇతరులకు చెందదు. 2005 డిసెంబరు 13 తర్వాత కొట్టిన అడవికి ఆ పట్టా కూడా రాదు. వాలు దున్నకండి.

శ్రోత: దిగుబడి పెరిగితే అడవి మిగులుతుందని మొన్న శిక్షణలో చెప్పారు కదా సార్?

నిపుణుడు: సగమే నిజం. లాభం వచ్చే పంటకు దిగుబడి పెరిగితే ఇంకో ఎకరం కొడదామనే ఆశ కూడా పెరుగుతుంది. మీ బావమరిదిని చూసి మీకు పుట్టింది అదే. బ్రెజిల్‌లో సోయా దిగుబడి పెరిగినంత మాత్రాన అమెజాన్ నరకడం ఆగలేదు. కొత్తగా నరికిన నేలలో పండిన సోయా కొనబోమని 2006లో వ్యాపారులు ఒప్పుకున్నాకే ఆ పంట కోసం నరకడం బాగా తగ్గింది. కింద పెంచండి, పైన ఆపండి. రెండూ కలిస్తేనే ఫలితం.

శ్రోత: కింద ఉన్నది వరే కదా సార్.

నిపుణుడు: అక్కడే చాలా పని ఉంది. తక్కువ విత్తనంతో, ఎడంగా నాటే శ్రీ పద్ధతిలో ఎకరానికి రెండు కిలోల విత్తనం చాలు. లేత నారును 25 సెంటీమీటర్ల ఎడంతో నాటండి. ఎప్పుడూ నీరు నిలవ ఉంచితే మట్టికి గాలి అందక, భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు పుడుతుంది. రంధ్రాలున్న గొట్టం పాతి, నీరు 15 సెంటీమీటర్ల లోతుకు దిగాక మళ్లీ పెట్టండి. పూత సమయంలో మాత్రం ఆరనివ్వకండి.

శ్రోత: మంచిది సార్. అయితే ఆ వాలుకు... కలుపుమందు కొట్టినా చావని పత్తి విత్తనం దొరుకుతోందట...

నిపుణుడు: మళ్లీ వాలేనా! ఆ విత్తనానికి ప్రభుత్వ అనుమతి లేదు. బిల్లు ఇవ్వరు, మొలవకపోతే ఎవరిని అడుగుతారు? పైగా వాలు మీద గడ్డి కూడా చచ్చిపోతే వానకు మట్టంతా వంశధారలోకే. వాలు దున్నకండి బాబూ.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. మునిగుడ నుంచి ఒక సోదరి.

శ్రోత: మా సొంత పోడు సార్, పట్టా ఉంది. మూడేళ్లకే మళ్లీ కొడుతున్నాం, పంట రావడం లేదు. అంతా జీడిమామిడి వేసేయమంటారా?

నిపుణుడు: అంతా వద్దమ్మా. మూడేళ్లలో నేల కోలుకోదు, ఆ మాట నిజమే. కానీ జీడిమామిడి ఒక్కటే ఉంటే తిండిగింజలు కొనుక్కోవాలి. వాలుకు అడ్డంగా మొక్కల వరుసలు పెట్టి, మధ్యలో రాగి, కంది కలిపి చల్లండి. ఇప్ప, చింత, పనస చెట్లు ఎక్కడున్నా ఉంచండి. చెట్ల నీడ పెరిగాక...

వ్యాఖ్యాత: సమయం తక్కువగా ఉందమ్మా. పర్లాకిమిడి, త్వరగా చెప్పండి.

శ్రోత: చెట్లు పెంచితే, అవి గాలిలోంచి పీల్చుకునే కార్బన్‌కు డబ్బులు ఇస్తామని ఎవరో వచ్చి సంతకాలు అడుగుతున్నారు.

నిపుణుడు: సంతకం పెట్టకండి. 2030 నాటికి 250 నుంచి 300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను చెట్లలో అదనంగా నిలపాలన్నది దేశం పెట్టుకున్న లక్ష్యం. అందులో మీకు ఎంత, ఎన్నేళ్లకు, చెట్టు చస్తే ఎవరి బాధ్యత? ఇవన్నీ ఒప్పందంలో ఒడియాలోనో తెలుగులోనో ఉండాలి. ముందు గ్రామసభలో చదివించండి.

శ్రోత: వాళ్లు రేపే వస్తామన్నారు సార్.

నిపుణుడు: రానివ్వండి. సభ జరిగే రోజున రమ్మనండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. మిగతా ఫోన్లు వచ్చే వారం.